ఆయన చేతిలోనే అలిగే బండి

ఆ బండి ఎవరి చేతిలో పెట్టినా బుద్ధిగా నడిచేది, ఒక్క అద్దాలాయన చేతిలో తప్ప. బండి నడిపేవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? పెళ్ళాం కసిరితే గుమ్మం దాటి పోవచ్చు, కొట్టుకి వచ్చినవాడు కసిరితే దులిపేసుకోవచ్చు. సొంత బండే మొహం చాటేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

అద్దాలాయనంటే అద్దాల కొట్టు ఆయన. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. కిటికీలకీ, దుకాణాల ముందుకీ, మెట్ల పక్కకీ కావలసిన అద్దాలు కొలతకి కోసి, పికప్ బండి మీద వాలుగా కట్టిన చెక్క చట్రానికి ఆనించి తీసుకెళ్ళి బిగించి రావడం వాళ్ళ పని. కొలతలూ కోతలూ భార్యవి, మోతలూ బిగింపులూ ఆయనవి. ఆయనకి అద్దాల కంటే బండి అంటేనే ప్రేమ అని ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కి చేత్తో గేర్లు వేసే బండి నడిపాడు. ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో ఆయన చేతికీ కాలికీ తెలుసు, మధ్యలో బుర్రకి పనే ఉండేది కాదు.

కిందటేడు ఎడమ మోకాలు మొరాయించింది. ఆపరేషన్ చేశాక డాక్టరు, క్లచ్ జోలికి ఇక వెళ్ళొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో పెద్ద రభస అయింది. బండి అమ్మేసి కొట్లో కూర్చోమని భార్య, కూర్చోనని ఆయన. మధ్యలో బావమరిది కల్పించుకుని, గేర్లు వాటంతటవే మారే డీజిల్ పికప్ ఒకటి ఎక్కడో పట్టుకొచ్చాడు. ఎడమ కాలికి అసలు పనే లేని బండి. రెండే పెడల్స్, రెండూ కుడి కాలికే.

భార్య ఒక్క షరతు పెట్టింది.

"ఈ బండి ఒక్కసారి మిమ్మల్ని దారిలో ఏడిపించిందంటే తాళాలు నా చేతికిచ్చెయ్యాలి. తర్వాత మీరు కొట్లో కూర్చుంటారు, తిరగడానికి మనిషిని పెట్టుకుంటాం. ఇష్టమేనా?"

"ఇష్టమే" అన్నాడు. ఇష్టం కాదంటే బండి రాదు మరి.

కొట్లో కూర్చోవడమంటే వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడం, ఫోనెత్తడం, పలకల మీద దుమ్ము దులపడం. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి ఊపిరాడేది కాదు.

మొదటి మూడు నెలలూ ఆయన నేల మీద నిలవలేదు. ఆపరేషనైన కాలు ఇంకా వంగేది కాదు, దాన్ని కర్రలా పక్కకి చాపుకుని కూర్చునేవాడు. అయినా బండి వెన్నలా సాగేది. ఇంజిన్ కాస్త గొంతు పెంచేది, ఇంజిన్ తిరుగుడు చూపే మీటరు ముల్లు పైకి లేచేది, అంతలో మెత్తగా గేరు మారి ముల్లు కిందికి జారేది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఆఖరి గేరు పడ్డాక ఇంజినూ చక్రాలూ ఒక్క మాట మీదికి వచ్చినట్టు సన్నగా హుమ్మంటూ పోయేది. వెనక అద్దాలు కిక్కురుమనేవి కావు. అద్దాలు మోసే బండికి అదే కదా కావలసింది. గేరు గేరుకీ ఒక కుదుపు తగిలితే అంచులు పెచ్చులూడిపోతాయి.

నాలుగో నెలలో బండి బుద్ధి మారింది. తిన్నని రోడ్డు మీద, యాక్సిలేటర్ మీది కాలు వెంట్రుకవాసి కదపకుండా పోతున్నా, ఉన్నట్టుండి ముల్లు పైకి లేచేది. కాసేపు ఊగి పడేది, మళ్ళీ లేచేది. బండి తల ఊపుతున్నట్టు సన్నటి కుదుపులు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరిచేదే తప్ప ఆ అరుపుకి తగ్గ వేగం ఉండేది కాదు. దిగేటప్పుడు అడగకుండానే కింది గేరుకి పడి గీపెట్టేది. ఒకసారి అలా పల్లం దిగుతుండగా ఒక అద్దం మూల పగిలింది. ఎత్తేటప్పుడు చెయ్యి జారిందని భార్యకి అబద్ధం చెప్పాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ చెయ్యి జారని మనిషి ఆ మాటంటే ఆవిడ నమ్మినట్టు నటించింది.

ఇంట్లో తెలియకుండా గేర్‌బాక్సుల మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈ మేస్త్రిది మాట పొదుపు. టెస్టర్ తగిలించి చూశాడు. నూనె తీసి రంగు చూశాడు, వాసన చూశాడు. బండెక్కి ఒక్కడే ఊరి చివరి మెట్ట దాకా పోయి వచ్చాడు.

"అన్నా, దీంట్లో నాకేం కనబళ్ళేదు. నూనె మాడిన వాసన కూడా లేదు."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానా?"

"అలా ఎందుకంటానన్నా? మీరు నడపండి, నేను పక్కన కూర్చుని చూస్తా."

వైద్యం అక్కడే ఉంది. కానీ ముక్కు మీది కోపం ఊరుకుంటేగా!

"నేను స్టీరింగ్ పట్టేనాటికి నువ్వింకా పాలు తాగుతున్నావు మేస్త్రీ. ఇప్పుడు నాకు పరీక్ష పెడతావా?" అని తాళాలు లాక్కుని విసవిసా వచ్చేశాడు. ఆ ఒక్క మాటా మింగేసి ఉంటే గొడవ ఆ షెడ్డులోనే తేలిపోయేది.

ఆ ఆదివారం బావమరిది బీరువా మార్చుకోవాలని బండి అడిగి తీసుకెళ్ళాడు. పాడైందని ఒప్పుకుంటాడేమో, తన మాటకి ఒక సాక్షి దొరుకుతాడేమో అని అద్దాలాయన వీధి గుమ్మంలోనే నిలబడ్డాడు. వాడు దిగుతూనే, "బావా, ఏం బండి బావా! గేరు మారినట్టే తెలీడం లేదు" అన్నాడు.

అద్దాలాయన లెక్క వేసుకున్నాడు. మేస్త్రి నడిపితే బాగుంది, వీడు నడిపితే బాగుంది. ఇక మిగిలింది తనే. చేతుల్లో పట్టు పోయిందా, చూపు తగ్గిందా, లేకపోతే వయసు మీద పడి లేనివన్నీ ఊహించుకుంటున్నాడా? ఎవరైనా తనని ముసలాడన్నా పట్టించుకునే మనిషి కాదు. తనకే ఆ అనుమానం వచ్చేసరికి భయం పట్టుకుంది. నిజంగా భయపడ్డాడు.

తర్వాతి వారం అనుకున్నంతా అయింది. ఒక వంతెన ఎక్కుతుండగా గేర్‌బాక్సు నూనె వేడెక్కిందని ఎర్ర దీపం వెలిగింది. బండి పక్కకి తీసి అరగంట చల్లారబెట్టాడు. ఆ అరగంటలో అద్దం కోసం ఎదురుచూస్తున్న ఇంటివాళ్ళు, ఇంకా రాలేదేమని కొట్టుకి ఫోన్ చేశారు. రహస్యం బయటపడింది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి భార్య తిట్టలేదు. తిడితే బాగుండేది.

"శుక్రవారం ఆ గ్రంథాలయం అద్దం ఒక్కటీ బిగించేసి రండి. దాంతో సరి" అంది, ఆయన మొహంలోకి చూడకుండా.

ఇచ్చిన మాట ఇచ్చిందే. బావమరిది శనివారం ఉదయానికి బండి కొనే బేరగాణ్ణి కుదిర్చాడు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. కొండ మీద పిల్లల గ్రంథాలయం ముందు గోడకి బిగించాల్సిన అద్దం అది, నిలబెడితే రెండు నిలువుల ఎత్తు. ఒక్కడివల్ల కాదని బావమరిది తన కారులో వెనక వస్తున్నాడు. భార్య మామూలుగా కొట్టు వదలదు. ఆ రోజు మాత్రం, కొలతలు తనవి కాబట్టి తనే చూసుకోవాలని బండెక్కి పక్కన కూర్చుంది. అది సాకు. ఇన్నేళ్ళు నడిపిన మనిషి ఆఖరిసారి నడుపుతుంటే పక్కన ఉండాలనిపించింది, అంతే.

ఊళ్ళోనే ముల్లు ఆడడం మొదలుపెట్టింది. ఆవిడ ముల్లు వంక చూసింది, ఆయన వంక చూసింది, కొలతల పుస్తకం తెరిచి చూసిన అంకెలే మళ్ళీ చూసుకుంది. కొండ మొదలయ్యాక ఇంజిన్ రంకెలెయ్యసాగింది. వెనక అద్దం సన్నగా గలగలమంది. ఆ చప్పుడు వింటే ఇద్దరికీ ప్రాణం పోయినంత పనవుతుంది.

అప్పుడు వెనక నుంచి హారన్ మోగింది. ఒకటి రెండు కాదు, ఆగకుండా. అద్దాలాయన పళ్ళు కొరుక్కుంటూ రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండి ఆపాడు. బావమరిది కారు దిగి చేతులూపుకుంటూ వచ్చాడు.

"బావా, మతిగానీ పోయిందా? కొండెక్కుతూ బ్రేకెందుకు తొక్కుతున్నావు?"

"బ్రేకా? నేనెక్కడ తొక్కాన్రా?"

"కొట్టు దగ్గర బయల్దేరినప్పట్నుంచీ నీ వెనక లైట్లు ఆరితే ఒట్టు! గుంటొస్తే ఒక్క క్షణం ఆరతాయి, మళ్ళీ వెలుగుతాయి. నువ్వాగుతున్నావేమోనని నేనూ తొక్కీ తొక్కీ కాలు పీకుతోంది."

"లైట్ల స్విచ్చి పాడైపోయుంటుంది."

"ఆ, స్విచ్చే పాడైంది. ఆదివారం నేను వెనక నిలబడి బీరువా దింపుకున్నప్పుడు మాత్రం దానికి సెలవు!"

"నోర్మూసుకుని పోయి కారెక్కరా!"

"మీరిద్దరూ నోళ్ళు మూస్తారా కాసేపు!" అని భార్య కసిరింది. ఆవిడ అప్పటికే ముందుకి వంగి, స్టీరింగ్ కిందికి తొంగి చూస్తోంది. "ఏవండీ, మీ ఎడం కాలు ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడ పెడతాను? కిందే."

"కింద లేదు. కదపకండి. కదపకుండా మీరే చూడండి."

ఆయన వంగి చూశాడు. తలుపులోంచి బావమరిదీ మెడ సాచాడు. ఇలాంటి బండ్లలో బ్రేక్ పెడల్ రెండు కాళ్ళకి సరిపోయేంత వెడల్పు. దాని ఎడమ అంచు మీద ఆయన బూటు హాయిగా కూర్చుని ఉంది. పలక జారితే వేళ్ళు పోతాయని అద్దాల పనివాళ్ళు తొడుక్కునే ఇనప ముక్కు బూటు అది, వేలెడు మందం అడుగు. దాని కింద పెడల్ గోరంత లోపలికి దిగినా పాదానికి తెలియదు. బ్రేక్ పట్టేంత బరువు లేదు, లైటు వెలిగేంత బరువుంది.

"నేను పెట్టలేదు" అన్నాడు అద్దాలాయన. "ఒట్టు. నేను పెట్టలేదు."

"మీరు పెట్టలేదు. అదే వెళ్ళి కూర్చుంది" అంది భార్య. "ముప్పై ఏళ్ళు క్లచ్ మీదే కూర్చుంది కదా. క్లచ్ లేకపోయేసరికి పక్కన ఏదుంటే దాని మీద కూర్చుంది."

"మరి మొదట్లో? మొదటి మూడు నెలలూ బాగానే నడిచిందిగా?"

ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"అప్పుడు ఇది వంగేదా? కర్రలా పక్కకి చాపుకుని కూర్చునేవారు. రోజూ గోడ పట్టుకుని వంచీ వంచీ, మొన్న మొన్నేగా పూర్తిగా వంగిందీ!"

మోకాలు బాగైంది. బాగైన కాలు ఎవరినీ అడక్కుండా పాత ఉద్యోగంలో చేరిపోయింది. బండి పాడవడమూ, ఆయన చేతకానివాడవడమూ, రెండూ కాదు. కాలికి ఆరోగ్యం ఎక్కువైంది. బావమరిది ముందు కిసుక్కున నవ్వాడు, తర్వాత రోడ్డు పక్క రాయి మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. అద్దాలాయన వాణ్ణి తిడదామని నోరు తెరిచి తనూ నవ్వేశాడు. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి కూడా ఆయనకి సిగ్గనిపించలేదు.

"ఆ బూటు విప్పండి" అంది భార్య.

విప్పాడు. ఆవిడ ఆ బూటు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఎడమ కాలు వెనక్కి మడిచి సీటు అంచుకి ఆనించి బండి కదిపాడు. ఇంజిన్ గొంతు పెంచింది. ముల్లు లేచింది, గేరు మారింది, ముల్లు జారింది. మలుపు దాటాక మళ్ళీ మారింది. తర్వాత ఇంజినూ చక్రాలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. హుమ్మంటూ బండి కొండెక్కుతోంది. వెనక అద్దం చప్పుడే లేదు. ప్రతి మలుపు దగ్గరా బావమరిది ఒకసారి హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతున్నాడు, లైట్లు ఆరే ఉన్నాయి పో అన్నట్టు. భార్య బూటు పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది. ఆవిడ కూడా చాలాసేపటి తర్వాత సీటుకి వెనక్కి వాలింది.

పైన అద్దం బిగించేసరికి మధ్యాహ్నమైంది. గీత తేడా లేకుండా కూర్చుంది. చేతులు కడుక్కున్నాక ఆయనకి ఇంకో బెంగ పట్టుకుంది. నెల రోజులు కాలు అలా ఆనించి నడిపాడు, ఎర్ర దీపం కూడా వెలిగింది. ఈలోగా గేర్‌బాక్సు నిజంగానే పాడైపోయి ఉంటే? మేస్త్రికి ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"అన్నా, ఈ బండ్లలో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య నూనె ఉంటుంది. సాఫీగా పోతున్నప్పుడు రెండూ కలిపి బిగించేసే తాళం లాంటిది ఒకటుంది లోపల. బ్రేక్ తగిలిందంటే మీరు ఆగబోతున్నారని ఆ తాళం తీసేస్తుంది. మీ కాలు ఆనితే తీసేసింది, గుంటలో కాలు లేస్తే వేసేసింది. ముల్లు ఆడింది అందుకే. తాళం లేకుండా ఎత్తెక్కితే నూనె చిలికి చిలికి వేడెక్కుతుంది."

"మరి దిగేటప్పుడు గీపెట్టేదేం?"

"బరువు మోసేటప్పుడు వాడమని ఇచ్చిన మీట నొక్కే కదా మీరు నడిపేది? అది నొక్కి ఉండగా పల్లంలో బ్రేక్ తగిలితే కింది గేరుకి దిగి బండిని పట్టుకోవాలి. అది దాని పని."

"పాడైపోయిందా మేస్త్రీ? అది చెప్పు ముందు."

"ఎర్ర దీపం ఎన్నిసార్లు వెలిగింది?"

"ఒక్కసారే. వెంటనే ఆపేశాను."

"అయితే ఏం కాలేదు. సోమవారం తీసుకురండి, నూనె మార్చేద్దాం. ఎంతకాలమైనా నడుస్తుంది."

అద్దాలాయన అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు నిన్ను పక్కన కూర్చోనివ్వాల్సింది మేస్త్రీ. నాదే తప్పు."

"కూర్చుని ఉంటే టెస్టర్లో బ్రేక్ పడుతున్నట్టు కనబడేదన్నా" అన్నాడు మేస్త్రి. కాస్త ఆగి, "అయినా గేర్‌బాక్సు రోగానికి కాలు చూడాలని నాకూ తట్టలేదులెండి" అన్నాడు. మాట పొదుపు మనిషే గానీ, మర్యాదలో మాత్రం లోటు చెయ్యలేదు.

తిరుగు దారిలో బూటు మళ్ళీ భార్య ఒళ్ళోకి చేరింది. బాగా పల్లంగా ఉన్న చోట, ఆయన కావాలనే కుడి కాలితో బ్రేక్ ఒకసారి మెల్లగా నొక్కాడు. బండి టక్కున కింది గేరు అందుకుని, గుర్రుమంటూ తనని తానే వెనక్కి పట్టుకుంది. మొన్నటిదాకా ఆ చప్పుడు వింటే ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ బండి మాట వినడం లేదనుకున్నాడు. అది మరీ ఎక్కువ విన్నది. ఆగు అని కాలు అన్న ప్రతిసారీ ఆగడానికి సిద్ధమైంది, పో అని ఇంకో కాలు అన్న ప్రతిసారీ పోయింది. ఇద్దరు యజమానుల మధ్య నలిగిపోతూ కూడా ఒక్క రోజూ దారిలో వదిలెయ్యలేదు.

"పాపం" అన్నాడు పైకే.

"ఎవరు?" అంది భార్య.

"బండి."

కొట్టు ముందు బండి ఆపేసరికి భార్య ఫోన్ మోగింది. శనివారం రావలసిన బేరగాడు. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, ఆయన పక్కనుండగానే ఫోనెత్తింది. అద్దాలాయన ఇంజిన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు తియ్యకుండా విన్నాడు. షరతు షరతే. బండి దారిలో ఏడిపించిందన్నది నిజమే. ఆవిడ కావాలంటే ఇప్పుడైనా తాళాలు అడగొచ్చు.

"రేపు మీరు రానక్కర్లేదండీ. అమ్మడం లేదు" అంది ఆవిడ. అవతలివాడు ఏదో గట్టిగా అడిగాడు. "లోపమా? ఉందండీ, దొరికింది... బండిలో అయితే మీకే ఇచ్చేసేవాళ్ళం. మా ఆయనలో ఉందని తేలింది... లేదండీ, ఆయన్ని ఇవ్వను. ఎవరికీ ఇవ్వను."

ఫోన్ పెట్టేసి, ఒళ్ళోని బూటు ఆయన చేతికిచ్చి, సోమవారం తీసుకెళ్ళాల్సిన కొలతలు చూడాలంటూ బండి దిగింది. అద్దాలాయన ఆ బూటు పట్టుకుని కొంతసేపు అలాగే కూర్చున్నాడు.